తినలేకపోతున్నానని ఎవరితో చెప్పుకోను?

చెల్లెళ్ళూ, అన్నం దగ్గర మనవాళ్ళు మాట్లాడినంతగా ఇంకెక్కడా మాట్లాడరు. గుమ్మంలో అడుగు పెట్టీపెట్టగానే "తిన్నావా?" అంటారు. ఆ వెంటనే "చిక్కిపోయావేంటే" అనో, "కాస్త ఒళ్ళు చేశావే" అనో ఒక మాట. పెళ్ళికెళ్ళినా, పేరంటానికెళ్ళినా మన ఒంటి గురించి ఎవరో ఒకరు ఏదో ఒకటి అనకుండా ఇంటికి రాము. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ ఆ మాటకి నవ్వేసి, ఇంటికొచ్చి తలుపేసుకుని అద్దం ముందు నిలబడిపోయే పిల్లలున్నారు. ముద్ద కలిపి కలిపి, నోట పెట్టకుండానే చెయ్యి కడుక్కునేవాళ్ళున్నారు. అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వెయ్యకుండా డబ్బాలు ఖాళీ చేసి, ఆ తర్వాత సిగ్గుతో కుమిలిపోయేవాళ్ళున్నారు. బిడ్డ నోరు తెరవక, "నీకు పెట్టడం చేతకాదు" అని ఇంట్లో అంటుంటే కళ్ళనీళ్ళు దిగమింగుకునే తల్లులున్నారు. ఇవాళ నా ముచ్చట వీళ్ళతో. వీళ్ళ పక్కన కూర్చుని తినే మనతో కూడా.

ముందే గట్టిగా చెప్పేస్తాను. తిండి దగ్గర వచ్చే ఈ ఇబ్బంది పొగరు కాదు, మొండితనం కాదు, గారాబం ఎక్కువై వచ్చిందీ కాదు. జబ్బు. తిట్టినందువల్ల తగ్గదు, బతిమాలినా తగ్గదు. వైద్యం చేయిస్తే, ఇంట్లోవాళ్ళు ఓపిగ్గా తోడుంటే తగ్గుతుంది.

ఫోన్లొచ్చాక పుట్టిన జబ్బు అనుకుంటారు చాలామంది. 1873లోనే లండన్‌లో విలియం గల్ అనే డాక్టరు ఇందులో ఒక రకానికి అనొరెక్సియా నెర్వోసా అని పేరు పెట్టాడు. అదే ఏడు పారిస్‌లో లాసెగ్ అనే డాక్టరు కూడా ఇలా తిండి మానేసిన అమ్మాయిల గురించే రాశాడు. అప్పటికి సినిమాలే లేవు. అలాగని బయట చూసేదాని ప్రభావం ఏమీ ఉండదనీ అనలేం. ఫిజీ దీవుల్లో ఆడవాళ్ళు నిండుగా ఉంటేనే అందమనుకునేవారు. అక్కడ ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు ఆ కొత్తలోనే బడిలో ఆడపిల్లల్ని అడిగితే, బరువు తగ్గడానికి వాంతి చేసుకున్నామన్నవాళ్ళు ఒక్కరు కూడా లేరు. మూడేళ్ళ తర్వాత అడిగితే నూటికి పదకొండు మంది చేసుకున్నామన్నారు. పుట్టుకతో వచ్చే తత్వం, అన్నీ సరిగ్గా ఉండాలనే పట్టుదల, పరీక్షల ఒత్తిడి, ఎవరో అన్న మాట, మొదలుపెట్టిన డైటింగ్, ఇలా ఎన్నో కలిస్తే ఈ జబ్బవుతుంది. ఏ ఒక్కరి తప్పు వల్లో వచ్చేది కాదు. కాబట్టి "ఎవరివల్ల వచ్చింది" అనే పంచాయితీ ఇంట్లో పెట్టకండి. ఆ పంచాయితీలో ఓడిపోయేది ఆ పిల్లే.

దీనికి రకాలున్నాయి. తిండి తగ్గించుకుంటూ పోయి, ఎముకలు తేలినా ఇంకా లావుగా ఉన్నాననిపించేది అనొరెక్సియా. ఆపుకోలేక తినేసి, ఆ భయానికి వాంతి చేసుకోవడమో, విరేచనాల మందులు మింగడమో, మర్నాడంతా పస్తుండడమో చేసేది బులీమియా. దీన్ని 1979లో జెరాల్డ్ రస్సెల్ అనే డాక్టరు విడిగా గుర్తించాడు. వాంతులూ గట్రా లేకుండా, కడుపు నొప్పి పుట్టేదాకా తినేసి తనను తానే అసహ్యించుకునేది బింజ్ ఈటింగ్ డిజార్డర్. ఈ మూడోదాన్ని మనం జబ్బనుకోనే అనుకోం. "నోరు కట్టుకోలేదు" అని తేల్చేస్తాం. బరువు మామూలుగా ఉన్న పిల్లకి బులీమియా ఉండొచ్చు. లావుగా ఉన్న పిల్ల కూడా తిండి మానేసి ప్రాణం మీదికి తెచ్చుకోవచ్చు. మనిషిని చూసి ఈ జబ్బు ఉందో లేదో చెప్పలేం. మగపిల్లలకీ వస్తుంది. జిమ్ము, ప్రొటీను, "కటింగ్" అంటూ అన్నం ముట్టని అబ్బాయిని చూసి క్రమశిక్షణ అని మెచ్చుకుంటాం కాబట్టి వాళ్ళది ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

మన ఇళ్ళలో ఇది ఏ వేషంలో వస్తుందో కూడా తెలుసుకోవాలి. "లావైపోతానని భయం" అని మన పిల్లలందరూ చెప్పరు. "ఆకలి లేదక్కా", "రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది", "గ్యాసు" అంటారు. అది నిజంగానే అనిపిస్తుంది కూడా, ఎందుకంటే తిండి తగ్గేకొద్దీ కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. దాంతో కడుపు డాక్టరు దగ్గరికి, స్కానింగులకి తిరుగుతారు. అన్నీ నార్మల్ అంటారు. ఇంకో వేషం ఉపవాసం. శనివారం ఒక్కపొద్దు మెల్లగా మంగళవారానికీ గురువారానికీ పాకుతుంది, భక్తి కదా అని ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు. ఒంట్లో బాగాలేనివాళ్ళు ఉపవాసం ఉండనక్కర్లేదని మన పెద్దలే అంటారు. రంజాన్ నెలలోనూ జబ్బుతో ఉన్నవాళ్ళకి మినహాయింపుంది. కాబట్టి ఆ మాట ఇంట్లో పెద్దవాళ్ళ చేతే చెప్పించండి. మరో వేషం పీసీఓడీ. "బరువు తగ్గమ్మా" అని డాక్టరు ఒక్క ముక్క అంటారు, ఆ పిల్ల దాన్నే పట్టుకుని అన్నం మీద పగబడుతుంది. ఇంటర్మీడియట్ హాస్టల్‌లో ఉన్న పిల్లయితే చెప్పేదేముంది! మెస్‌లో కూర బాగాలేదని లేచిపోయిందా, అసలే తినడం మానేసిందా, వందలమందిలో ఎవరు చూస్తారు? సెలవులకి ఇంటికొచ్చినప్పుడు చుడీదారు వదులైంది, జుట్టు రాలుతోంది, ఎండాకాలంలో కూడా చలి అంటోంది, నెలసరి ఆగిపోయింది, తినగానే బాత్రూంలోకెళ్ళి నీళ్ళు గట్టిగా వదులుతోంది. ఇవి కనబడితే "చదువు ఒత్తిడిలే" అని సరిపెట్టుకోకండి.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి, ఎందుకంటే తల్లుల మనసులో ఉన్న ముడి దీంతో కొంత విడుతుంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధం చెయ్యబోమన్న 36 మంది కుర్రాళ్ళు తమంతట తామే ముందుకొచ్చారు. అందరూ ఒంట్లోనూ మనసులోనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే. కరువులో చిక్కుకున్న జనానికి మళ్ళీ ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం కోసం, వాళ్ళకి 24 వారాలపాటు అరకొర తిండి పెట్టారు. వాళ్ళు బాగా చిక్కిపోయారు. అది అనుకున్నదే. అనుకోనిది వాళ్ళ మనసుకు జరిగింది. పొద్దస్తమానం తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు కొని చదివారు, వంటలు రాసి పెట్టుకున్నారు. పళ్ళెంలో ఉన్న కాస్తనీ చిన్న చిన్న ముక్కలు చేసి గంటలకొద్దీ తిన్నారు. స్నేహితుల్ని వదిలేశారు. ఊరికే కోపం, ఊరికే ఏడుపు, ఎప్పుడూ చలి. మళ్ళీ కడుపునిండా పెట్టడం మొదలుపెట్టాక కూడా కొందరికి ఎంత తిన్నా తృప్తి కలగలేదు.

ఇప్పుడు మీ ఇంట్లో పిల్లని తలుచుకోండి. రాత్రీ పగలూ వంటల వీడియోలు చూస్తుంది. ఇంట్లో అందరికీ కేకులు చేసి పెడుతుంది, తను మాత్రం ముట్టదు. ఒక్క ఇడ్లీని ఇరవై ముక్కలు చేస్తుంది. పలకరిస్తే కసురుతుంది. "మా పిల్ల ఇలాంటిది కాదండీ, ఎంత మారిపోయిందో" అని తల్లులు బాధపడతారు. మీ పిల్ల మారలేదమ్మా. ఆకలి దాని బుర్రనలా ఆడిస్తోంది. "ముందు మనసు కుదుటపడనీ, తర్వాత తింటుందిలే" అని ఎదురుచూడకండి. తిండి లోపలికి వెళ్తేనే మనసు కుదుటపడుతుంది. అందుకే ఈ జబ్బులో తిండే మొదటి మందు అంటారు డాక్టర్లు.

సరే, చెల్లీ, ఇప్పుడు నీతో. ఇది చదువుతూ "నా గురించే రాసిందా ఏమిటి" అనిపించినదానివి నువ్వే. కేలరీల లెక్కలూ బరువు అంకెలూ ఇక్కడ ఎక్కడా రాయడం లేదు, చూశావా? కావాలనే. అంకె దొరికితే దాన్ని పట్టుకుని ఈ జబ్బు నిన్ను ఎంత సతాయిస్తుందో నాకు తెలుసు. "నేనింకా అంత సన్నబడలేదు, నాకెందుకు డాక్టరు" అనుకుంటున్నావేమో, అలా అనిపించడం కూడా జబ్బులో భాగమే. సాయం అడగడానికి ఇంత బరువు తగ్గి ఉండాలనే నియమం ఎక్కడా లేదు.

ఎవరితో చెప్పాలి? నువ్వు మాట్లాడుతుంటే మధ్యలో అందుకోకుండా వినే మనిషితో. అమ్మ కావచ్చు, పిన్ని కావచ్చు, అన్నయ్య కావచ్చు, లెక్చరర్ మేడం కావచ్చు. తీరిగ్గా ఉన్నప్పుడు చూసి చెప్పు, అన్నం ముందు కూర్చున్నప్పుడు వద్దు. మాటలు రాకపోతే ఇలా చెప్పు: "అమ్మా, నాకు తిండి విషయంలో ఏదో అవుతోంది. నా అంతట నేను ఆపుకోలేకపోతున్నాను. తిట్టకుండా విను. నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు." నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి అమ్మ చేతిలో పెట్టు, వాట్సాప్‌లో పంపు. మొదటిసారి అమ్మ కంగారుపడి "ఇదేం రోగమే" అని ఏదో అనేయొచ్చు. అది భయం. మర్నాడు మళ్ళీ చెప్పు. వినేవాళ్ళు ఇంట్లో నిజంగా లేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. అది టెలిమానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సేవ. డబ్బు ఖర్చు లేదు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనిపిస్తున్నా దాచకుండా అక్కడ చెప్పు. చదువుకని అమెరికాలోనో ఇంగ్లండులోనో ఒంటరిగా ఉన్న చెల్లెళ్ళు యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్ళండి. పక్క గదిలో ఉన్న మన తెలుగు పిల్లకి తెలిసిపోతుందని వెనకాడకండి, మీరు చెప్పుకున్నది వాళ్ళు గుట్టుగా ఉంచుతారు.

డాక్టరు దగ్గర ఉన్నదున్నట్టు చెప్పాలి. "నీరసంగా ఉంది" అంటే బలానికి టానిక్ రాసిస్తారు. "తిన్నాక వాంతి చేసుకుంటున్నాను, ఇన్నాళ్ళ నుంచి, వారానికి ఇన్నిసార్లు" అని చెబితేనే వాళ్ళకి దారి దొరుకుతుంది. ముందు ఫిజీషియనో, చిన్నపిల్లయితే పిల్లల డాక్టరో చూసి నాడి, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ చూస్తారు. వాంతులవల్ల పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఆ ప్రమాదం పైకి కనబడదు. రిపోర్టులు బాగున్నంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు, చాలా రోజులు నెట్టుకొచ్చే ఒళ్ళు ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. ఆ తర్వాత సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, డైటీషియన్ ముగ్గురూ కలిసి చూడాలి. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. మానసిక జబ్బులకీ మిగతా జబ్బులతో సమానంగా ఆరోగ్య బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది, మీ పాలసీ కాగితాలు ఓసారి తీసి చూడండి. స్పృహ తప్పి పడిపోతున్నా, గుండె దడదడలాడుతున్నా, నీళ్ళు కూడా తాగనంటున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. మనసుకొచ్చే జబ్బుల్లో ప్రాణం తీసే ప్రమాదం బాగా ఎక్కువ ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి.

ఒక జాగ్రత్త. చాలా రోజులుగా కడుపు మాడ్చుకున్న మనిషికి ప్రేమకొద్దీ ఒక్కసారిగా బోలెడంత పెట్టెయ్యకండి. రక్తంలో ఫాస్ఫేట్ లాంటివి ఒక్కసారిగా పడిపోయి గుండెకి ముప్పొస్తుంది. బాగా చిక్కిపోయినవాళ్ళకి ఎంతతో మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. వాంతి అయిన వెంటనే పళ్ళు తోమితే ఎనామిల్ అరిగిపోతుంది, నీళ్ళతో పుక్కిలించి కాసేపాగాలి. డాక్టరుతో పాటు పళ్ళ డాక్టరుకీ సంగతి చెప్పాలి.

ఇంక ఇంట్లోవాళ్ళు. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980లలో ఒక పద్ధతి రూపుదిద్దుకుంది. అంతకుముందు ఈ జబ్బుకి తల్లిదండ్రులే కారణమని వాళ్ళని దూరంగా ఉంచేవారు. ఈ పద్ధతిలో పిల్లకి తిండి పెట్టి నిలబెట్టే బాధ్యత అమ్మానాన్నలదే, డాక్టర్ల జట్టు వాళ్ళ వెనక ఉంటుంది. అనొరెక్సియా వచ్చిన పిల్లలకి ఇవాళ ముందుగా సూచించే వైద్యాల్లో ఇదొకటి. మన ఇళ్ళకి ఇది బాగా నప్పుతుందని నా నమ్మకం. అన్నం పెట్టి పక్కన కూర్చోవడం మనకి కొత్త కాదు కదా. కొత్తగా నేర్చుకోవలసింది అక్కడ ఏం మాట్లాడకూడదన్నదే.

మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుమూడుసార్లు చిరుతిండి, వేళ తప్పకుండా. ఏం పెట్టాలో పెద్దవాళ్ళే అనుకుని వడ్డించాలి, "ఏం తింటావమ్మా" అని పిల్లనడిగితే జబ్బే జవాబు చెబుతుంది. తినేంతసేపూ ఒకరు పక్కనే ఉండాలి. తిన్నాక ఇంకో గంట కూడా ఉండాలి, ఆ గంట చాలా కష్టంగా గడుస్తుంది వాళ్ళకి. చదువుల గురించి, సీరియల్ గురించి, మేడ మీది మొక్కల గురించి మాట్లాడుకోండి. తినలేక ఆగిపోతే "భయంగా ఉందని తెలుసు, నేనిక్కడే ఉన్నాను, ఇంకో ముద్ద పెట్టుకో" అనండి. అంతకుమించి వాదన వద్దు. "అన్నం దొరక్క ఎంతమంది ఏడుస్తున్నారో తెలుసా" అనే మాట అసలు రానివ్వకండి. ఆ పిల్ల ముందే తప్పు చేస్తున్నానని కుమిలిపోతోంది, ఆ భారం ఇంకా పెరుగుతుంది. ఇంకొకటి, కోలుకుంటున్నప్పుడు "హమ్మయ్య, బుగ్గలొచ్చాయి, ఇప్పుడు కళగా ఉన్నావ్" అంటాం చూడండి, మనకది దీవెన. ఆ పిల్ల చెవికి "లావయ్యావు" అని వినిపిస్తుంది. మంచిదైనా చెడ్డదైనా ఒంటి గురించి మాటే వద్దు. బరువు చూసే మిషను ఇంట్లోంచి తీసెయ్యండి, డాక్టరు దగ్గర చూస్తారు. మీ బరువు గురించి, మీ పొట్ట గురించి, మీ డైటింగ్ గురించి పిల్ల ముందు మాట్లాడుకోవడం కూడా మానండి.

ఎక్కువ తినేసే జబ్బున్నవాళ్ళ దగ్గర స్వీట్లకి తాళాలు వెయ్యకండి. పగలంతా కడుపు మాడ్చుకోవడం వల్లే చాలామందికి రాత్రి ఆగదు. పొద్దున్నే టిఫిన్ తినిపించండి, మధ్యాహ్నం భోజనం మాననివ్వకండి. సగం అక్కడే సర్దుకుంటుంది. మిగతా సగానికి సైకాలజిస్టు సాయం కావాలి, అడగడంలో సిగ్గేమీ లేదు.

ఇప్పుడు చిన్నపిల్లల తల్లులు. మీ మాట చివర్లో పెట్టానని అనుకోకండి, మీతో నాకు వేరే మాటలున్నాయి. రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు కొత్త తిండిని చూసి మొహం తిప్పుకోవడం మామూలే. ఒక కూర అలవాటవ్వాలంటే పదీ పదిహేనుసార్లు పళ్ళెంలో కనబడాలి, తినకపోయినా సరే. ఎల్లిన్ సాటర్ అనే అమెరికన్ ఆహార నిపుణురాలు పనిని రెండుగా పంచింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ళది. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది బిడ్డది. ఫోను చూపించి ముద్ద తోసెయ్యడం, బూచాడొస్తాడని బెదిరించడం, ముక్కు మూసి గుటక వేయించడం, వీటివల్ల ఆ పూటకి గిన్నె ఖాళీ అవుతుందేమో గానీ బిడ్డకి అన్నమంటేనే భయం పడుతుంది.

కానీ కొందరు పిల్లల సంగతి వేరు. తెల్లగా, మెత్తగా ఉన్న పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టరు. ఆవగింజ తగిలితే వాంతి చేసుకుంటారు. ఒకసారి గొంతులో అడ్డుపడింది మొదలు గట్టి పదార్థం నోట పెట్టరు. సన్నబడాలన్న ఆలోచన వాళ్ళకి లేదు. ఆ రుచి, ఆ వాసన, ఆ గరుకుతనం వాళ్ళు భరించలేరు. ఇది ఆర్ఫిడ్ అనే జబ్బు కావచ్చు, 2013 నుంచి దీనికి వైద్యంలో ప్రత్యేకమైన పేరుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ కనిపిస్తుంది, లేనివాళ్ళకీ వస్తుంది. పాలు తాగుతున్నా అన్నం తింటున్నా దగ్గు, పొలమారడం, బరువు పెరగకపోవడం, తిండి రకాలు రోజురోజుకీ తగ్గిపోవడం ఉంటే అల్లరి అనుకోకుండా పిల్లల డాక్టరుకి చూపించండి. మింగడంలో ఇబ్బంది ఉందేమో స్పీచ్ థెరపిస్టు చూస్తారు. రుచులూ స్పర్శలూ ఓర్చుకోవడం ఆక్యుపేషనల్ థెరపిస్టు మెల్లగా నేర్పిస్తారు. అంగన్‌వాడీలో బరువు తూచి రాసే పెరుగుదల చార్టుని వెంట తీసుకెళ్ళండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పిల్లల్ని పరీక్షించే డీఈఐసీ కేంద్రాలున్నాయి, ఖర్చు లేదు. సికింద్రాబాదులో ఎన్ఐఈపీఐడీ సంస్థ ఉంది, ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లల్ని చూస్తారు. దిష్టి తీయించుకోండి, మొక్కుకోండి, నేనేమీ వద్దనను. దాంతోపాటు డాక్టరు దగ్గరికీ వెళ్ళండి.

మీరు చేతకాని తల్లులు కారు. రోజుకి ఐదుసార్లు పళ్ళెం పట్టుకుని ఓడిపోయి, ఆరోసారి మళ్ళీ పట్టుకుంటున్నారు. ఈ ముక్క చదివాక మీ ఆయనతో ఒక్క మాటనండి: "రోజుకి ఒక పూట నువ్వు తినిపించు, ఆ గంటసేపు నేను బయట నడిచొస్తాను." ఇది విలాసం కాదు. అలసిపోయిన చేత్తో పెట్టే ముద్దలోని కంగారు బిడ్డకి ఇట్టే తెలిసిపోతుంది. ఇంట్లో పెద్దావిడ ఏమన్నా అంటే డాక్టరు దగ్గరికి ఆవిడనీ వెంటబెట్టుకెళ్ళండి. మీరు చెబితే వినని మాట తెల్లకోటు వేసుకున్నవాళ్ళు చెబితే వింటారు, ఆ తర్వాత ఆవిడే మీకు తోడవుతారు.

కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది. మధ్యలో వెనక్కి జారే రోజులుంటాయి. అలా జారినప్పుడు మొత్తం పోయిందనుకోకుండా ఆ వారమే డాక్టరుకి ఫోన్ చెయ్యండి. పండగలూ పెళ్ళిళ్ళూ అన్నిటికన్నా కష్టమైన రోజులు. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలుంటారు, అరిసెలూ సకినాలూ తినమని బలవంతాలుంటాయి, "ఎంత చిక్కావే" అనే పెద్దమ్మలుంటారు. వాళ్ళొచ్చాక సర్దిచెప్పడం కుదరదు. భోగికి వారం ముందే అమ్మ ఫోన్ చేసి చెప్పాలి: "అక్కా, పిల్లకి ఒంట్లో బాగుండడం లేదు, మందులు వాడుతున్నాం. దాని ఒళ్ళు గురించి, తిండి గురించి ఎవరూ ఏమీ అనొద్దు. చదువు గురించో, సినిమాల గురించో కబుర్లు చెప్పండి." పెద్దమ్మలు వింటారు. ఎందుకని గుచ్చిగుచ్చి అడిగితే డాక్టరు చెప్పారనండి, అంతకన్నా వివరం ఇవ్వనక్కర్లేదు. పంక్తిలో ఆ పిల్లకి ఒక పక్కన అమ్మ, ఇంకో పక్కన తను ఎంచుకున్న మనిషి కూర్చునేలా ముందే అనుకోండి.